రోజుకి యాభై కిలోమీటర్లు

మా ఉత్తరాంధ్ర పిల్లలు అమ్మ, నాన్న తర్వాత నేర్చుకునే మాట ‘బేగి’. బేగి లెగు, బేగి తిను, బేగి రా. చోడవరం బస్టాండులో పాడేరు బస్సు పక్కన పావుగంట నిలబడండి, ఈ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్క తప్పుతుంది. బస్సు మాత్రం దాని టైముకే కదులుతుంది.

ఇంకో మాట కూడా ఉంది. అది మాట కాదు, తోక. చూసేశాం, తినేశాం, దిగేశాం, దణ్ణం పెట్టేశాం. నెత్తి మీద ఉన్న పని దిగిపోయిందని చెప్పడానికి క్రియ చివర తగిలించే తోక. కరెంటు బిల్లు కట్టేశామంటే హాయిగానే ఉంటుంది. సూర్యోదయం చూసేశామంటే ఏదో తేడాగా లేదూ? ఈ అధ్యాయంలో మనం చేయబోయే పని ఆ తోక కత్తిరించడం. దానికి ఒక పాత వ్యాను, ఆరు రోజుల సెలవు, మన ఊరి వెనకాల కనిపించే కొండలు చాలు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2022 డిసెంబరులో మూడు కుటుంబాలం, రెండు కార్లు. నాయకత్వం మా బావది. ఫోన్లో జాబితా రాసుకున్నాడు. రాత్రి రెండు గంటలకు చోడవరంలో బయల్దేరి, చీకట్లో వంజంగి కొండెక్కి, మేఘాల మీద సూర్యుణ్ణి చూసి, పాడేరులో టిఫిన్, అక్కణ్ణుంచి చాపరాయి, అరకు మ్యూజియం, పద్మాపురం తోట, గాలికొండ, బొర్రా గుహలు... రాత్రి పదకొండుకి ఇంట్లో ఉన్నాం. “పదకొండు పాయింట్లు కొట్టేశాం” అన్నాడు బావ. మర్నాడు మా అత్తగారు అడిగారు, “చాపరాయిలో నీళ్లు చల్లగా ఉన్నాయా?” అని. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తొమ్మిది మందిలో ఒక్కరం కూడా నీళ్లలో కాలు పెట్టలేదు. బావ ఫోటో తీసి చూపించాడు. అందులో అందరం బూట్లతో, నీళ్లకు వీపు తిప్పి నిలబడి ఉన్నాం.

మరుసటి ఏడాది నవంబరులో నేనూ మా ఆవిడా అదే దారిని మళ్లీ పట్టుకున్నాం. ఈసారి ఆరు రోజులు. ఒకటే నియమం: రోజుకి యాభై కిలోమీటర్లు దాటకూడదు.

గూడుబండి నుంచి కారవాన్ దాకా

కారవాన్ అంటే మనకు సినిమా హీరో గుర్తొస్తాడు. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఏసీలో కూర్చునే బండి. అమెరికాలో దాన్నే ఆర్వీ అంటారు. మంచం, పొయ్యి, పాయఖానా అన్నీ బండిలోనే. కొడుకుల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లలో కొందరికి ఆ అనుభవమూ ఉంది. వాళ్లు చెప్పేదాంట్లో నాకు నచ్చింది బండి కాదు, రోడ్డు. వర్జీనియా నుంచి నార్త్ కరోలినా దాకా కొండల వెన్ను మీద పోయే బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే దారి ఉంది. 469 మైళ్లు. 1935లో మొదలుపెట్టి 1987లో పూర్తి చేశారు. దాని మీద వేగం గంటకు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు మించకూడదు. సరుకు లారీలను రానివ్వరు. చేరడానికి కాకుండా చూసుకుంటూ పోవడానికే వేసిన రోడ్డది.

ఇందులో మనకు తెలియనిదేమీ లేదు. గూడుబండి కింద గడ్డి మోపు, లోపల బొంత, వెనకాల వేలాడే కుండ, దారిలో చింతచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి. సింహాచలం తీర్థానికి మన తాతలు అలాగే వెళ్లారు. అంతకు ముందు, 1830 మేలో, ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. కుటుంబం, పల్లకీలు, గుడారాలు, సుమారు వందమంది పరివారం. మళ్లీ మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు. ఏ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయో, అంగడిలో ఏం దొరుకుతుందో, దిగడానికి చోటుందో లేదో రాసుకుంటూ పోయారు. పదిహేను నెలలు! మనం అడుగుతున్నది ఆరు రోజులు.

బండి విషయానికి వద్దాం. కోట్లు పెట్టి కారవాన్ కొనమని చెప్పే పుస్తకం కాదిది. పాత వ్యాను తెచ్చి షెడ్డులో కోయించి ఇల్లు కట్టిద్దామనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. బీమాకీ చిక్కే. మాది పాత మారుతి ఓమ్నీ. 2019లో ఆ మోడల్ తయారీ ఆగిపోయింది గానీ మన వైపు పెళ్లి సామాన్లు, కూరగాయలు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. వెనక సీటు మడిచి, దాని మీద ప్లైవుడ్ చెక్క, చెక్క మీద రెండు బొంతలు. దిగాక తీసేస్తే మళ్లీ మామూలు బండి. ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఒకటి, చిన్న గ్యాస్ పొయ్యి, దోమతెర, టార్పాలిన్, టార్చి, చక్రం కింద పెట్టడానికి రెండు చెక్కలు. సామాను తాడుతో కట్టాలి. ఘాట్ మలుపులో జారిన టిన్ను మా ఆవిడ పచ్చళ్ల జాడీని ఏం చేసిందో అడక్కండి.

ఇద్దరికి ఓమ్నీ సరిపోతుంది. నలుగురైతే పగలు బండిలో, రాత్రి గదిలో. అరకు, అనంతగిరి, టైడా మూడు చోట్లా పర్యాటక శాఖ హరిత బసలున్నాయి. రాత్రి గదిలో పడుకుంటే ప్రయాణం కల్తీ అయిపోతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మేం మూడు రాత్రులు గదిలోనే పడుకున్నాం. మా నడుములు అరవై దాటాయి.

కొండ కింద

చోడవరం నుంచి వడ్డాది మీదుగా మాడుగులకి గంట కూడా పట్టదు. మొదటి రోజు మేం అక్కడికే వెళ్లాం. బావ ఫోన్ చేసి “పాడేరు చేరారా?” అన్నాడు. “మాడుగులలో ఉన్నాం” అంటే బండి చెడిందనుకుని మెకానిక్కు నంబరు పంపించాడు.

మాడుగుల హల్వా మీరు తినే ఉంటారు. తయారీ చూశారా? గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. ఆ పాలు పులియాలి. తర్వాత పెద్ద కడాయిలో పంచదార పాకంతో కలిపి, నెయ్యి పోస్తూ, గంటల తరబడి తిప్పాలి. తిప్పే మనిషి తెడ్డును చేత్తో తిప్పడు, నడుముతో తిప్పుతాడు. ఒక దశలో ముద్ద నెయ్యి పీల్చుకోవడం ఆపేసి తిరిగి కక్కడం మొదలుపెడుతుంది. అప్పుడు జీడిపప్పు పడుతుంది. మేం చూస్తున్నంతసేపూ ఆయన గడియారం వంక చూడలేదు, ముద్ద వంకే చూశాడు. మొదటి ప్రయాణంలో ఇదే ఊరు చీకట్లో గంటకు అరవై మీద దాటేశాం.

సాయంత్రం ఘాట్ మొదలయ్యే గరికబంద దగ్గర టీ బడ్డీ ముందు కూర్చున్నాం. రెండు గంటలయ్యాక బడ్డీ ఆవిడకి అనుమానం వచ్చింది.

“ఏటి బాబూ, బండి పాడైపోనాదేటి?”

“లేదప్పా, ఊరికే కూర్చున్నాం.”

“ఊరికినేనా?” ఆవిడ మా ఇద్దర్నీ, బండినీ మార్చి మార్చి చూసింది. “ఒంట్లో బాగానే ఉందా అమ్మకి?”

మన సమాజంలో కారణం లేకుండా రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లకి రెండే అవకాశాలున్నాయి. బండి చెడి ఉండాలి, లేదా మనిషి చెడి ఉండాలి. ఈ చూపుకి అలవాటు పడటం మీ మొదటి పాఠం. కష్టమైనదే.

ఘాట్ చీకటి పడ్డాక ఎక్కొద్దు. 2023 ఆగస్టులో చోడవరం నుంచి పాడేరు వెళ్లే బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడింది. పొద్దున్నే, మంచు విడిచాక, రెండో గేరులో ఎక్కండి. దిగేటప్పుడూ అదే గేరు. ఎక్కడానికి ఏ గేరు కావాల్సి వచ్చిందో దిగడానికీ అదే గేరు అని మా ఊరి పాత లారీ డ్రైవర్లు చెప్తారు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే అది వేడెక్కి, కాలిన వాసన వచ్చి, చివరికి పట్టు వదిలేస్తుంది. వాసన వస్తే వెడల్పు చోట ఆపి అరగంట చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి. ఇరుకు మలుపులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం, మర్యాద కూడా. మంచులో లైటు కిందికి వంచండి. ఓమ్నీలాంటి బండిలో ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది కాబట్టి వేడి ముందు మీకే తెలుస్తుంది. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తిప్పకండి. ట్యాంకు మాడుగులలోనే నింపుకోండి.

విసుగు వచ్చే వేళ

రెండో రోజు మధ్యాహ్నం వస్తుంది. ఎవరికైనా వస్తుంది. పాడేరు దాటి హుకుంపేట వైపు ఒక ఊరి బయట, ఊరివాళ్లని అడిగి, చెట్టు నీడకి కొంచెం ఎడంగా బండి ఆపాం. అన్నం తిన్నాం. పడుకున్నాం. లేచాం. మూడు గంటలైంది. ఇక్కడేముంది అనిపించింది. చెయ్యి ఫోన్ మీదకి, ఫోన్ నుంచి తాళం మీదకి పోయింది. “చాపరాయి ఎంతో దూరం లేదు కదా” అంది మా ఆవిడ. నా మనసులో మాటే.

ఈ అధ్యాయంలో మీరు ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు: విసుగొచ్చాక ఇంకో గంట ఉండండి. తాళం ఎదుటివాళ్ల చేతికిచ్చి, ఫోన్ డాష్‌బోర్డులో పెట్టి ఉండండి.

మేం ఉన్నాం. ఎదురుగా ఒక పెద్దాయన టార్పాలిన్ మీద కాఫీ పళ్లు ఆరబోశాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ కాఫీ కోతలే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో కూడా అమ్ముతున్నారు. ఇవన్నీ నాకు పేపర్లో చదివి తెలుసు. తెలియనిదేమిటంటే, ఆ పళ్లను కాలితో తిరగేస్తారని. చేతులు వెనక్కి కట్టుకుని, పాదం ఈడుస్తూ, దుక్కి దున్నినట్టు ఒక సాలు, పక్కనే మరో సాలు. అంచుకి వెళ్లి వెనక్కి. అరగంటకోసారి వచ్చి అదే పని. మర్నాడు పొద్దున్న చూస్తే నిన్నటి ఎర్రపళ్లు ముదురు రంగుకి తిరిగాయి, పక్కన కొత్త ఎరుపు పడింది. మూడు పట్టాల మీద మూడు రంగులు, అంటే మూడు రోజులు పక్కపక్కన ఆరుతున్నాయన్నమాట. ఇది కనిపించాలంటే అక్కడ ఒక రాత్రి నిద్ర చేయాలి. ఏ పాయింట్ల జాబితాలోనూ ఇది లేదు.

పెద్దాయన సాయంత్రం చోడి అంబలి ఇచ్చాడు. మా ఆవిడ అనకాపల్లి బెల్లం అచ్చు ఇచ్చింది. డబ్బు ప్రస్తావన రాలేదు.

చింతపల్లి, లంబసింగి వైపు తిరగాలంటే పాడేరు నుంచి ఇంకో రెండు రోజులు కలుపుకోండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ కొండల్లో కాలినడకన మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. బేగి అనే మాట ఆయనకి చెల్లింది. లంబసింగికి డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో వెళ్తే మంచు బదులు పొగ చూస్తారు. సోమవారం వెళ్లండి.

చాపరాయిలో ఈసారి చెప్పులు విప్పాం. నీళ్లు చల్లగానే ఉన్నాయి. రాయి నాచు పట్టి ఉంటుంది, మధ్యకు పోవద్దు. పై కొండల్లో వాన పడితే గెడ్డ చెప్పకుండా పొంగుతుంది. అందుకే రాత్రి బస ఎప్పుడూ గెడ్డ ఒడ్డున పెట్టొద్దు.

అరకు గురించి అందరూ రాస్తారు, నేను క్లుప్తంగా చెప్తాను. పద్మాపురం తోట 1942లో రెండో ప్రపంచ యుద్ధం సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిందని తెలిశాక ఆ గులాబీలు వేరేగా కనిపించాయి. గిరిజన మ్యూజియంలో పూట గడపొచ్చు. బొంగులో చికెన్ రోడ్డు పక్కన మీ కళ్ల ముందు కాలుస్తుంటేనే తినండి. నవంబరులో వెళ్తే వలిసె పూల పసుపు చూడొచ్చు, కానీ చేల్లోకి దిగి తొక్కకండి. అది ఎవరిదో నూనె పంట. దిగేటప్పుడు సుంకరమెట్ట, గాలికొండ, బొర్రా, టైడా, శృంగవరపుకోట. బొర్రాలో గుహలు చూశాక స్టేషన్లో ఒక గంట కూర్చోండి. బైలడిల్లా ఇనుప ఖనిజం మోసుకుంటూ గూడ్సు బళ్లు సొరంగాల్లోంచి దిగి వస్తాయి. కోట నుంచి దేవరాపల్లి, రైవాడ జలాశయం మీదుగా చోడవరం. విశాఖ నగరం తాగే నీళ్లలో కొంత ఈ జలాశయంలోని శారదా నది నీళ్లే.

రాత్రి, ఊరు, మర్యాద

బండిలో పడుకుంటే రెండు వైపులా అద్దాలు నాలుగు వేళ్లు దించి, దోమతెర కట్టండి. మన్యంలో మలేరియా కథ కాదు. చలేసిందని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవద్దు. ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పొయ్యి ఎప్పుడూ బండి బయటే. రిజర్వు అడవిలో బస చేయకూడదు. ఊరి దగ్గరైతే ముందు పెద్దల్ని అడగాలి. వాళ్లు బడి ఆవరణో, ఖాళీ స్థలమో చూపిస్తారు. చెత్త మూటగట్టి కిందికి తెచ్చుకోండి, అక్కడ మున్సిపాలిటీ బండి రాదు.

చెక్‌పోస్టులో ఆపుతారు, గంజాయి కోసం వెతుకుతారు. విసుక్కోకుండా డిక్కీ తీసి చూపించండి. దారిలో ఎవరి మూటా, ఎంత జాలిగా అడిగినా, బండిలో ఎక్కించుకోవద్దు. మనిషికి ఒంట్లో బాగోకపోతే ఎక్కించుకోండి, సామాను మాత్రం వద్దు.

ఇంకొకటి. మనవాళ్లకి ఒక జబ్బుంది. చల్లటి చోటు కనిపించగానే “ఇక్కడ ఎకరం ఎంత?” అంటారు. నేనూ అన్నాను, మొదటిసారి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని 1/70 చట్టం ఉంది. ఈ బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీదే సమత కేసు నడిచి, 1997లో సుప్రీంకోర్టు గిరిజనుల పక్షాన తీర్పు చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, అంబలి ఇచ్చిన ఇంటి ముందు నిలబడి దాని ధర అడగడం ఏం బావుంటుంది?

ఇక మీ పని. ఈ ఆదివారమే మొదలుపెట్టండి, కొండకి కాదు, ఊళ్లోనే. మీ ఇంటికి పది కిలోమీటర్లలో ఉన్న ఒక చెరువు గట్టో, గుడి అరుగో ఎంచుకోండి. మూడు గంటలు కూర్చోండి. ఫోటో తీయొద్దు. ఎవరైనా బండి చెడిందా అని అడిగితే మీరు సరిగ్గా చేస్తున్నట్టే లెక్క. ఇంటికొచ్చాక ఆ మూడు గంటల్లో చూసింది పది వాక్యాలు రాయండి. ఏ క్రియ చివరా ‘ఏశాను’ రాకూడదు. మొదటిసారి నాకు నాలుగు వాక్యాలే వచ్చాయి.

బయటూరి వాళ్లకి ఒక మాట. ఫోన్ మ్యాపులో చోడవరం అని కొడితే రంపచోడవరం చూపించొచ్చు, అది గోదావరి వైపు. మాది 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉన్న చోడవరం. అక్కడ కొబ్బరికాయ కొట్టి, టైర్లలో గాలి చూసుకుని బయల్దేరండి. నవంబరు మధ్యలో, వారం మధ్యలో అయితే మంచిది. సంక్రాంతి సెలవుల్లో మాత్రం వద్దు. ఆ వారం ఘాట్‌లో మా బావ ఉంటాడు.